కాషాయం ఎటు వైపు?

తాడు లాగగానే బంతిపూల రేకులు జలజలా రాలాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. వచ్చిన పెద్దలు చేయెత్తి సెల్యూట్ చేశారు. 'జనగణమన' ఎత్తుకోబోయిన ఏడో తరగతి పాప పైకి చూసి నోరు తెరిచినట్టే ఆగిపోయింది. జెండాలో ఆకుపచ్చ పైన ఉంది. కాషాయం కింద ఉంది.

జమ్మలమడుగు దగ్గర ఒక ఊరి బడిలో రెండేళ్ల కిందట ఆగస్టు 15న జరిగిన సంగతి ఇది. ఆ జెండా కట్టింది మా చిన్నాయన కొడుకే. అక్కడ డ్రిల్లు మాస్టారు. వారం రోజులుగా పిల్లలకు కవాతు నేర్పి, ముందురోజు రాత్రి టార్చిలైటు వెలుగులో సున్నం గీతలు గీసి, ప్రొద్దుటూరు నుంచి మిఠాయి తెప్పించి, తెల్లవారి నాలుగు గంటలకే తలస్నానం చేసి బడికి చేరినవాడు. జరిగింది చూసి కాళ్లూ చేతులూ ఆడలేదట. రెండు నిమిషాల్లో జెండా దించారు, సరిచేశారు, మళ్లీ ఎగరేశారు. పిల్లలు మొదటి నుంచీ పాడారు. మిఠాయి పంచారు.

అక్కడితో అయిపోవలసింది. కానీ గేటు దగ్గర నిలబడిన ఒకాయన చేతిలో సెల్‌ఫోన్ ఉంది. మధ్యాహ్నం భోజనాల వేళకు ఆ ఫొటో చుట్టుపక్కల ఊళ్ల వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగింది. 'జాతీయ జెండాకు ఘోర అవమానం' అని పైన ఎర్రక్షరాలు. సరిచేసి ఎగరేసిన జెండా ఫొటో మాత్రం ఎవరూ పెట్టలేదు. సస్పెండు చేస్తారట, కేసు పెడతారట, మూడేళ్లు జైలట అని ఎవరికి తోచింది వాళ్లు అన్నారు.

రాత్రి పదింటికి నాకు ఫోన్ చేశాడు. అన్నం తినలేదని గొంతులోనే తెలుస్తోంది.

"అన్నా, నేను జెండాను అవమానించినానా?"

"లేదులే, పండుకో పో" అన్నాను. అనేశాను గానీ, ఏ ఆధారంతో అన్నానో నాకే తెలియదు. మర్నాడు చట్టం పుస్తకం తెచ్చుకుని కూర్చున్నాను. యాభై ఏళ్లుగా జెండా వందనాలు చేస్తున్నవాణ్ని, ఆ చట్టంలో ఏముందో ఏనాడూ చదవలేదు. మీలో చాలామంది కూడా చదివి ఉండరనుకుంటాను.

మన జెండాకు సంబంధించి రెండు పుస్తకాలున్నాయి. ఒకటి 1971 నాటి చట్టం. జాతీయ గౌరవ చిహ్నాలను అవమానించడాన్ని నిరోధించేది. జెండాను తగలబెట్టినా, చింపినా, తొక్కినా, మరోరకంగా అగౌరవపరిచినా మూడేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. రెండోది 2002 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన ఫ్లాగ్ కోడ్. జెండాను ఎలా ఎగరేయాలి, ఎలా దించాలి, ఎక్కడ పెట్టాలి అని చెప్పే నియమావళి. ఇది ప్రభుత్వం ఇచ్చిన సూచనల పుస్తకమే తప్ప పార్లమెంటు చేసిన చట్టం కాదని సుప్రీంకోర్టే 2004లో చెప్పింది. ఆ తీర్పు సంగతి తర్వాత చెప్తాను.

ముందు మా తమ్ముడి తప్పు. చట్టంలో ఏవేవి అగౌరవమో ఒక జాబితా ఉంది. జెండాను నేలకు తగలనివ్వడం, నీళ్లలో ఈడ్వడం అందులో ఉంది. కాషాయం కిందికి ఉండేలా ఎగరేయడమూ ఉంది. ఈ రెండు చోట్లా చట్టం రాసినవాళ్లు ఒక మాట జాగ్రత్తగా పెట్టారు: 'ఉద్దేశపూర్వకంగా'. కావాలని తలకిందులు చేస్తేనే నేరం. చేయి తప్పి తలకిందులైతే కాదు. ఆ ఒక్క మాట చదివినప్పుడు నాకు కలిగిన నిశ్చింత ఇంతా అంతా కాదు. వెంటనే వాడికి ఫోన్ చేసి చదివి వినిపించాను.

అయితే జాబితాలో అన్నిచోట్లా ఆ మాట లేదు. కారు బానెట్టు మీద, పక్కల, వెనకాల జెండా కప్పకూడదు. బల్లకు గుడ్డలా పరచకూడదు. నడుం కిందికి తొడుక్కునే బట్టగా వాడకూడదు. చేతిరుమాళ్ల మీద, దిండ్ల మీద కుట్టకూడదు. జెండా మీద అక్షరాలు రాయకూడదు. వీటి దగ్గర 'కావాలని' అనే మినహాయింపు విడిగా రాయలేదు. పులివెందుల బజారులో ఆగస్టు 15న బైకు ట్యాంకుకు జెండా చుట్టుకుని, హారన్లు కొట్టుకుంటూ తిరిగే కుర్రాళ్లు చేస్తున్నది చట్టం ప్రకారం తప్పే. కారు ముందు చిన్న కర్రకు జెండా కట్టుకోవడమైతే రాష్ట్రపతి, గవర్నర్లు, మంత్రులు, హైకోర్టు, సుప్రీంకోర్టు జడ్జీలు వంటి కొద్దిమందికే ఉన్న హక్కు. ఆ కుర్రాళ్లలో ఒకణ్ని ఆపి ఈ మాట చెప్తే, "మాకు తెల్దు సార్, ప్రేమతోనే కట్టినాం" అన్నాడు. నమ్మాను. విప్పి మడిచి డిక్కీలో పెట్టుకున్నాడు. తిట్టి ఉంటే వాడు విప్పేవాడు కాదు, నాతో కొట్లాడేవాడు.

మంచి మనసుతో చేసే తప్పుల్లో మన వైపు అన్నిటికంటే ఎక్కువ జరిగేది ఏమిటో చెప్పమంటారా? జెండా కొయ్యకు బంతిపూల దండ చుట్టడం. గుడి ధ్వజస్తంభాన్ని అలంకరించినట్టు కింది నుంచి పై దాకా దండలు చుడతాం, పసుపు రాస్తాం, బొట్లు పెడతాం, టెంకాయ కొడతాం. కోడ్ మాత్రం జెండా కొయ్య మీద గానీ దానికి పైన గానీ పూలు, దండలు ఏవీ ఉండకూడదంటుంది. అదే కోడ్ జెండా విప్పే ముందు దానిలో పూలరేకులు పెట్టుకోవచ్చంటుంది. రేకులు పెట్టొచ్చు, దండ వేయకూడదు. చదవకపోతే ఎవరికి తెలుస్తుంది ఈ తేడా?

ఇంకొకటి, రంగుకాగితపు జెండాల తోరణాలు. ప్రొద్దుటూరులో ఆగస్టు మొదటి వారం నుంచే పుస్తకాల అంగళ్ల ముందు కట్టలు కట్టలుగా వేలాడతాయి. పిల్లలు మైదాపిండి జిగురుతో పురికోసకు అంటించి బడంతా కడతారు. చిన్నప్పుడు ఆ పని చేయనివాళ్లు మనలో ఎవరున్నారు? కోడ్ ప్రకారం జెండాను తోరణంగా, అలంకరణగా వాడకూడదు. కాగితపు జెండా చేత్తో పట్టుకుని ఊపడానికి మాత్రం అనుమతి ఉంది. ఆ లెక్కన మన తరమంతా ముద్దాయిలమే! నాకు మాత్రం ఈ నియమం మీద అంత పట్టుదల లేదు. ఆ జిగురు వేళ్లతోనే చాలామందికి దేశం అనే మాట తెలిసింది.

వాకిట్లో మూడు రంగుల ముగ్గు సంగతి ఆడవాళ్లు నన్ను చాలాసార్లు అడిగారు. మూడు రంగులూ పోసి మధ్యలో నీలం చక్రం దిద్దుతారు. అది తొక్కకుండా ఇంట్లోకి పోవడం కష్టం. చట్టం జెండాకు ఇచ్చిన అర్థం చాలా విశాలమైనది. బొమ్మ గీసినా, రంగులతో పోసినా, దానిలో ఒక భాగమైనా జెండా కిందికే వస్తుంది. మరి ముగ్గు? ముగ్గు మనకు తొక్కకూడనిదేమీ కాదు, పద్మాల ముగ్గు వేసి రోజూ తొక్కుతూనే ఉన్నాం. మా ఇంట్లో ఒక ఒప్పందానికి వచ్చాం. రంగులు వాకిట్లో ఎలాగైనా పోసుకోవచ్చు. అశోక చక్రం మాత్రం గోడవార, అడుగు పడని చోట. ఇది కోడ్‌లో లేదు, మా ఆవిడ తీర్పు.

కోర్టుకెక్కిన కేసు ఒకటి ఉంది. 2013 క్రిస్మస్‌కు కోయంబత్తూరులో ఒక వేడుక జరిగింది. ఆరడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు కేకు. మూడు రంగుల్లో దేశపటం, మధ్యలో అశోక చక్రం. కలెక్టరు, పోలీసు అధికారి ఉండగానే కోశారు, రెండు వేల మందికి పైగా పంచుకుని తిన్నారు. జెండాను కత్తితో కోశారని ఒకరు ఫిర్యాదు చేశారు. మద్రాసు హైకోర్టు 2021 మార్చిలో ఆ కేసు కొట్టేసింది. ఆ వేడుక నుంచి ఇళ్లకు పోయినవాళ్ల మనసులో ఏముంది, దేశాన్ని తక్కువ చేశామన్న భావమా, గర్వమా, అది చూడాలన్నది తీర్పు సారాంశం. అప్పటికి ఏడేళ్లు దాటింది. కేకు తిన్నవాళ్లకు రుచి కూడా గుర్తుండదు. కేసు మోసినవాళ్లకు మాత్రం ప్రతి వాయిదా గుర్తుంటుంది.

మన హైదరాబాదు అమ్మాయి సానియా మీర్జాను గుర్తు తెచ్చుకోండి. 2008 జనవరిలో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో హాప్‌మన్ కప్ ఆడుతూ కాళ్లు చాపుకుని కూర్చుంది. ఆ పక్కనే బల్ల మీద మన జెండా ఉంది. కెమెరా పెట్టిన కోణంలో కాళ్లు జెండాకు ఎదురుగా ఉన్నట్టు పడింది. భోపాల్ కోర్టులో కేసు వేశారు. ఆట మానేద్దామని కూడా అనుకున్నానని ఆ తర్వాత ఆమె చెప్పుకుంది. ఆ ఏడు బెంగళూరు టోర్నీకి రాలేదు. అదే ఏడు ఆగస్టులో బీజింగ్ ఒలింపిక్స్‌లో మన దేశం తరఫునే ఆడింది. ఎవరి కోసం చెమటోడ్చే పిల్లో తెలిసి కూడా, ఒక్క ఫొటో చూసి తీర్పు చెప్పేశాం. సెల్‌ఫోన్లు ఇప్పుడున్నంత లేని రోజుల్లోనే ఇంత జరిగింది. ఇప్పుడు ఆ కెమెరా ప్రతి ఊరి బడి గేటు దగ్గరా ఉంది.

పెద్దవాళ్ల దగ్గర పొరపాట్లు జరగవా అంటే, 2015 నవంబరులో కౌలాలంపూర్‌లో మన ప్రధాని, జపాన్ ప్రధాని చేయీ చేయీ కలిపి ఫొటోకు నిలబడితే వెనక మన జెండా తలకిందులుగా ఉంది. రెండు దేశాల ప్రధానుల కోసం సిద్ధం చేసిన గదిలోనే అది జరిగితే, పల్లెటూరి బడిలో టార్చిలైటు పట్టుకుని కట్టిన జెండా సంగతి చెప్పాలా?

అసలు ఎందుకు తలకిందులవుతుంది? ఇది ప్రొద్దుటూరులో ఒక విశ్రాంత అటెండరు నాకు విడమర్చి చెప్పాడు. ముప్పై ఏళ్లు ఆఫీసు జెండా కట్టిన మనిషి. "మడత పెట్టినాక కాషాయం యాడుందో, పచ్చ యాడుందో పైకి కనపడదు సార్. మధ్యలో చక్రం ఎట్ల తిప్పినా ఒకటే. పూలు పెట్టి ముడి బిగిచ్చినాక ఇంగ దేవునికే తెల్సు" అన్నాడు. మరి ఆయనేం చేసేవాడు? కాషాయం వైపు తాడు ముక్కకు ముందే ఒక చిన్న ముడి వేసి పెట్టుకునేవాడు. చీకట్లోనైనా వేలికి తగులుతుంది. ఆ ముడి ఉన్న కొస కొయ్య పైకి పోవాలి, అంతే. కోడ్ రాసినవాళ్లు ఈ ముడి గురించి రాసి ఉంటే ఎంతో మందికి నిద్ర పట్టేది.

ఎగరేయడం, విప్పడం అనే తేడా కూడా ఆయనకు బాగా తెలుసు. ఢిల్లీలో ఆగస్టు 15న ప్రధాని జెండాను కింది నుంచి పైకి ఎగరేస్తారు. జనవరి 26న జెండా ముందే పైన కట్టి ఉంటుంది, రాష్ట్రపతి తాడు లాగి విప్పుతారు. మన ఊళ్లలో రెండు రోజులూ పైన కట్టి విప్పడమే అలవాటు. ఎగరేసేటప్పుడు చురుగ్గా ఎగరేయాలి, దించేటప్పుడు నెమ్మదిగా దించాలి. ఆ దించే దృశ్యం మన పిల్లలెవరూ చూడరు. అప్పటికి మిఠాయి తిని ఇళ్లకు పోయి ఉంటారు.

ఆ జెండా చరిత్రలో కూడా ఒక సవరణ ఉంది. కృష్ణా జిల్లా భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశాలప్పుడు గాంధీకి ఎరుపు, ఆకుపచ్చ రంగులతో జెండా గీసి ఇచ్చాడు. సభ ముందు పెట్టడానికి వేళ మించిపోయింది. అదీ మంచికే అయిందని గాంధీ ఆ ఏప్రిల్‌లో 'యంగ్ ఇండియా'లో రాశాడు. ఆలోచించుకునే వ్యవధి దొరికి, మిగతా మతాలవాళ్ల కోసం తెలుపు కూడా చేరింది. ఆ తర్వాత రాట్నం స్థానంలో అశోక చక్రం వచ్చి, 1947 జూలై 22న రాజ్యాంగ సభ ఆమోదించిన జెండా ఇప్పుడు మన ముందున్నది. అన్నట్టు, పత్తి మీద పరిశోధనలు చేసినందుకు ఆయన్ని పత్తి వెంకయ్య అని కూడా పిలిచేవారు. పత్తి వ్యాపారానికి పేరుపడిన ప్రొద్దుటూరులో ఈ సంగతి తెలిసినవాళ్లు ఎందరో!

2002కు ముందు మామూలు మనిషి తన ఇంటి మీద ఏడాదిలో కొన్ని రోజులే జెండా ఎగరేసుకోవచ్చు. రాయగఢ్‌లో తన ఫ్యాక్టరీ మీద రోజూ ఎగరేసుకుంటానని నవీన్ జిందాల్ కోర్టుకు పోయాడు. గౌరవంగా జెండా ఎగరేసుకోవడం పౌరుడి ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు 2004 జనవరిలో చెప్పింది. ముందు నేను ప్రస్తావించిన తీర్పు ఇదే. అధికారులది మాత్రమే అనుకున్న జెండా అలా మన ఇంటి మిద్దె మీదికొచ్చింది. ఇంటికి వచ్చినవాటితో పొరపాట్లు జరుగుతాయి. బీరువాలో తాళం వేసి ఉంచినవాటితో జరగవు.

తర్వాత నియమాలు ఇంకా సడలాయి. 2021 డిసెంబరు దాకా జెండా అంటే చేత్తో వడికి, చేత్తో నేసిన బట్టే. అప్పటి నుంచి మరలో తయారైనదీ, పాలిస్టరుదీ సరేనన్నారు. మగ్గాలున్న మా వైపు నేతగాళ్లను అడిగితే ఆ మార్పు గురించి నవ్వి ఊరుకుంటారు. ఆ నవ్వు నాకు సంతోషంగా అనిపించలేదు. కోడ్‌లో వచ్చిన మార్పుల్లో నన్ను నొప్పించింది ఇదొక్కటే. 2022 జూలై నుంచి ఇంటి మీది జెండాను రాత్రి కూడా ఉంచుకోవచ్చన్నారు.

పులివెందులలో మా అత్తగారి వరుస అవ్వ ఒకామె ఉంది. ఆ ఏడు ఇంటింటికీ జెండా ఇచ్చినప్పుడు ఆమె కూడా మిద్దె మీద కట్టించింది. మూడు రోజులూ సాయంత్రం దీపం పెట్టే ముందు మనవణ్ని పిలిచి జెండా దింపించేది. తెల్లారి మళ్లీ కట్టించేది. "రాత్రి కూడా ఉంచొచ్చంట జేజీ, పేపర్లో పన్నింది" అని వాడు మొత్తుకున్నాడు. "పడింటే పడనీలే. చీకట్లో దాన్నొక్కదాన్నే బయట ఎందుకు ఉంచల్ల?" అందట. చివరిరోజు ఉతికి, మడిచి, తన పట్టుచీర మడతలో పెట్టుకుంది.

ఆ అవ్వకు కోడ్ తెలియదు. కోడ్ తెలిసినవాళ్లు కూడా ఆగస్టు 16 పొద్దున ప్రొద్దుటూరు వీధుల్లో ఒకసారి నడిచి చూడండి. కాలవల్లో కాగితపు జెండాలు, మునిసిపాలిటీ చెత్తబండిలో ప్లాస్టిక్ జెండాలు, బైకుల చక్రాల కింద చొక్కా గుండీ నుంచి జారిన జెండాలు. పిన్నుతో సహా. వీటి మీద ఎవరూ ఎర్రక్షరాలు రాసి ఫొటోలు పెట్టరు, ఎందుకంటే పారేసింది ఎవరో ఒకరు కాదు. పాడైన జెండాను నలుగురి కళ్ల ముందు కాకుండా, ఒక పక్కన గౌరవంగా కాల్చేయమంటుంది కోడ్. కాగితం జెండాలను నేల మీద పడేయొద్దంటుంది. నన్నడిగితే మా తమ్ముడి రెండు నిమిషాల తలకిందుల కంటే ఇదే నాకు ఎక్కువ సిగ్గుగా ఉంటుంది. పొరపాటు తెలిసిన క్షణాన వాడు దించి సరిచేశాడు. మనం తెలిసీ ఏటా పారేస్తున్నాం.

జాతీయగీతం పాడకుండా నిలబడినందుకు కేరళలో 1985లో ముగ్గురు పిల్లల్ని బడి నుంచి పంపేశారు. వాళ్ల మతనియమం పాడనివ్వదు, కానీ గీతం వినిపించినంత సేపూ మర్యాదగా నిలబడ్డారు. మరుసటి ఏడు సుప్రీంకోర్టులో మన తెలుగువాడు జస్టిస్ ఓ. చిన్నప్ప రెడ్డి ఆ పిల్లల్ని తిరిగి బడిలో చేర్చుకోమని తీర్పు రాశారు. మర్యాదగా నిలబడ్డవాళ్లు గీతాన్ని అవమానించినట్టు కాదన్నారు. ఆ కేసులో పిల్లలు తెలిసే పాడలేదు. మా తమ్ముడు తెలియక తలకిందులు చేశాడు. మనసు ఏమిటని అడగడం రెండు చోట్లా అవసరమే.

వాడి మీద కేసు రాలేదు, సస్పెన్షనూ రాలేదు. పిలిపించి అడిగారు, జరిగింది చెప్పాడు, అయిపోయింది. కానీ ఆ తర్వాత వచ్చిన జనవరి 26కు జెండా కట్టమంటే, "నా చేత్తో వద్దు" అని పక్కకు తప్పుకున్నాడు. ఆ మరుసటి ఆగస్టుకూ అంతే. కవాతు నేర్పాడు, గీతలు గీశాడు, కొయ్య దగ్గరికి మాత్రం రాలేదు. జెండా అంటే అంత భయపడేలా చేశాం మనం వాణ్ని.

మొన్న జనవరిలో నేను వాళ్ల ఊరు పోయినప్పుడు ప్రొద్దుటూరు అటెండరు ముడి సంగతి చెప్పాను. ఊరికే విన్నాడు. ముందురోజు సాయంత్రం హెడ్మిస్ట్రెస్సు గారు జెండా డబ్బా తెచ్చి మాట్లాడకుండా వాడి బల్ల మీద పెట్టి పోయారట. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుని, ఆనాడు పాట ఆపేసిన పాపను, ఇప్పుడు తొమ్మిదికి వచ్చింది, పిలిపించుకున్నాడు.

"నేను కడతా, నువ్వు ముడి పట్టి చూసి చెప్పు పాపా, పైకేనా?"

ఆ పిల్ల వేళ్లతో తడిమి చూసి, "పైకే సార్" అందట.